పురుగు లోపలి కాపురాలు

వంశధార ఆయకట్టులో స్వర్ణ రకం వరి వేసిన మడి అక్టోబరు ఆఖరుకి ఎలా ఉంటుందో శ్రీకాకుళం రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. పైనుంచి చూస్తే పచ్చగా, దిట్టంగా, వెన్ను తీయడానికి సిద్ధంగా ఉంటుంది. నాలుగు రోజులు పోయాక అదే మడి నడిమధ్య మంచం వాల్చేంత మేర పసుపు తిరుగుతుంది. ఇంకో వారానికి ఆ మచ్చ సుడి కట్టినట్టు గుండ్రంగా విస్తరించి, ఎండుగడ్డి రంగుకొచ్చి కూలబడుతుంది. "దోమ పట్టీసింది బావూ" అంటారు. ఆ వెంటనే ఏ మందు కొట్టాలన్న చర్చ మొదలవుతుంది. ఆ చర్చలో ఎప్పుడూ రెండే పక్షాలుంటాయి, పైరు ఒకటి, పురుగు ఒకటి. అక్కడ మూడో పక్షం కూడా ఉంది. అది పురుగు ఒంట్లో బతికే సూక్ష్మజీవులు. ఏ పురుగు ఏ పైరును తిని బతకగలదు, ఏ తెగులును మోయగలదు, ఏ మందుకి లొంగదు అన్నవాటిలో కొంత వాటా వీటిదేనని గత ముప్పై ఏళ్ళ పరిశోధన తేల్చింది. అలాగని ప్రతి పురుగుకీ ఇది ఒకేలా వర్తించదు. చిక్కుముడి అంతా అక్కడే ఉంది.

ముందు దోమ దగ్గరే మొదలుపెడదాం. దుబ్బును రెండు చేతులతో పాయ తీసి మొదట్లోకి చూస్తే, నీటి మట్టానికి కాస్త పైన గోధుమరంగు దోమలు కాండాన్ని కరుచుకుని కనిపిస్తాయి. బియ్యపు గింజ కన్నా చిన్నవి. వేలు దగ్గరికి తీసుకెళ్తే వెంటనే ఎగరవు, పక్కకి నడిచి కాండం అవతలి వైపుకి తప్పుకుంటాయి. కింది ఆకులు ముట్టుకుంటే జిగురుగా ఉంటాయి, ఒక్కోసారి మసి పూసినట్టు నల్లబడి ఉంటాయి. ఆ జిగురు దోమ విసర్జించిన తీపి ద్రవం, ఆ మసి దాని మీద పెరిగిన బూజు. తాగిన తీపిలో అంత భాగాన్ని దోమ ఎందుకు వదిలేస్తోంది?

ఎందుకంటే దానికి కావలసింది తీపి ఒక్కటే కాదు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్ళకీ గింజకీ చేరే నాళాలు కాండంలో ఉంటాయి. దోమ తన సూది నోటిని గుచ్చి పీల్చేది ఆ నాళంలోని రసాన్నే. అందులో చక్కెర దండిగా ఉంటుంది, మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు మాత్రం కొరత. అందులోనూ జంతువులు సొంతంగా తయారుచేసుకోలేని పది రకాలు మరీ తక్కువ. ఇలాంటి రసం మీద బతికే ప్రాణి నెల తిరక్కుండానే ఎదిగి, వందల గుడ్లు పెడుతోంది. అంత సరుకు రసంలో లేదు. మరి ఎక్కడిది?

దోమ పొట్టలోని కొవ్వు కణజాలంలో, అందుకోసమే ప్రత్యేకించిన కణాల్లో, ఈస్టు లాంటి శిలీంద్రం ఒకటి ఉంటుంది. రసంలో లేని అమైనో ఆమ్లాలను అది తయారుచేసి పెడుతుంది. దోమ ఒంట్లో నత్రజని వ్యర్థం యూరిక్ ఆమ్లంగా పోగుపడుతుంది, ఈస్టు దాన్ని కూడా విడగొట్టి మళ్ళీ పోషకంగా మారుస్తుంది. అంటే దోమ తన చెత్తనే తిరిగి తింటోంది, మధ్యలో పని చేసేది ఈస్టు. కీటకాలకు సొంతంగా చేతకాని స్టెరాల్స్ తయారీ కూడా దీని పనే. ఇది మట్టిలోంచో నీళ్ళలోంచో దోమకు అంటుకునేది కాదు. గుడ్డు తయారయ్యేటప్పుడే తల్లి ఒంట్లోంచి అందులోకి చేరుతుంది. పిల్ల బయటికొచ్చేసరికి ఈస్టు దాని లోపలే ఉంటుంది.

2014లో చైనా శాస్త్రవేత్తలు ఈ దోమ జన్యుపటాన్నీ, ఈస్టు జన్యుపటాన్నీ కలిపి ప్రచురించారు. పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానిలో లేని మెట్లు రెండోదానిలో ఉన్నాయి. దోమకు చేతకాని అమైనో ఆమ్లాల తయారీకి కావలసిన జన్యువులు ఈస్టు దగ్గరున్నాయి. వీటితో పాటు ఆర్సెనోఫోనస్ అనే బ్యాక్టీరియా బి విటమిన్ల లోటు పూడుస్తోంది. అంతకు ముందే ల్యాబుల్లో ఇంకో సంగతి తేలింది. దోమ పిల్లలను 35 డిగ్రీల వేడిలో కొన్ని రోజులు ఉంచితే లోపలి ఈస్టు బాగా తగ్గిపోతుంది, ఆ పిల్లలు సరిగా ఎదగవు, గుడ్లు సరిగా పొదగవు. ఇది చదివి మన ఎండలకు దోమ దానంతటదే పోతుందనుకోకండి. మిట్టమధ్యాహ్నం గట్టు మీద కాళ్ళు కాలుతున్నా, గుబురు పైరులో దుబ్బు మొదట్లో నీడా తేమా ఉంటాయి. దోమ ఉండేది అక్కడే.

యూరియా ఎక్కువైతే దోమ ఎక్కువవుతుందని రైతులకి అనుభవం మీద తెలుసు, శాస్త్రమూ అదే అంటుంది. యూరియా పడ్డ పైరు రసంలో నత్రజని పెరుగుతుంది, దోమ ఎక్కువ పీలుస్తుంది, ఎక్కువ గుడ్లు పెడుతుంది. కానీ యూరియా తగ్గించిన మడిలో కూడా దోమ పూర్తిగా పోదేం అని అడిగేవాళ్ళున్నారు. జవాబు ఈస్టులో ఉంది. పోషకం తక్కువున్న పైరు మీద దోమ చావకుండా నిలబెట్టేది ఈస్టు. పోషకం దండిగా ఉన్న పైరు మీద దాన్ని సుడులు కట్టేంతగా పెంచేది మనం వేసిన బస్తా. నా లెక్కలో ఈ రెండింటినీ విడిగా చూడటం చాలా అవసరం. మొదటిది మన చేతిలో లేదు, రెండోది పూర్తిగా మన చేతిలో ఉంది.

దోమను తట్టుకునే వంగడాల సంగతిలోనూ ఈ మూడో పక్షం తొంగిచూస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1973లో ఐఆర్ 26 అనే దోమ నిరోధక రకాన్ని విడుదల చేసింది. మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి దాన్ని కూడా తినగలిగే దోమలు తయారయ్యాయి. ఆ తర్వాత వచ్చిన రకాలకీ ఇదే అనుభవం ఎదురైంది. దోమ అంత త్వరగా దారి ఎలా వెతుక్కుంటోందన్న ప్రశ్నకి, ఈస్టు మారుతోందేమోనన్న అనుమానం పుట్టింది. నిరోధక రకాల మీద తరతరాలుగా పెంచిన దోమల్లో ఈస్టు సంఖ్య మారడం నిజమే. అయితే అన్ని రకాల మీదా ఒకేలా మారలేదు, ఆ మార్పుతోనే అంతా తేలిపోలేదు. దోమ సొంత జన్యువుల పాత్రా ఉంది. కాబట్టి 1982లో మార్టేరు వరి పరిశోధనా స్థానం నుంచి వచ్చి ఇప్పటికీ మన పల్లాలను వదలని స్వర్ణకి దోమంటే భయం, విజేతకీ కాటన్‌దొర సన్నాలకీ కొంత ఓర్పు ఉందంటే, ఆ ఓర్పు శాశ్వతం కాదని గుర్తుపెట్టుకోవాలి.

కాపురముండేవి, సత్రంలో దిగేవి

ఇక ముడి విప్పే దారం చెబుతాను. పురుగు ఏం తింటుందో చూస్తే దాని లోపల ఎలాంటి సూక్ష్మజీవి ఉంటుందో చాలా వరకు ఊహించవచ్చు. దోమ, పేనుబంక, తెల్లదోమ, పిండినల్లి లాంటి రసం పీల్చే పురుగులన్నీ తినేది పోషకం లేని రసమే. అందుకే వాటిలో సూక్ష్మజీవులు కాపురం పెట్టాయి. తల్లి నుంచి పిల్లకి వారసత్వంగా వస్తాయి, కణాల లోపలే ఉంటాయి, చాలావాటిలో పురుగు లేకుండా అవి బతకలేవు, అవి లేకుండా పురుగు బతకలేదు. ఆకు నమిలే గొంగళి పురుగుల కడుపు వేరు. అక్కడ సూక్ష్మజీవులు సత్రంలో దిగినట్టు దిగుతాయి. ఆకుతో పాటు లోపలికి వెళ్తాయి, రెట్టతో పాటు బయటికి వస్తాయి. ఈ తేడా పట్టించుకోకుండా "పురుగు కడుపులోని బ్యాక్టీరియా" అని ఒకే గాటన కట్టేస్తే, సగం నిజం సగం అబద్ధం అవుతుంది.

కాపురం ఎంత గట్టిదో చూడాలంటే పెరట్లో చిక్కుడు పాదు దగ్గరికి వెళ్తే చాలు. చలికాలంలో తీగ కొసల మీద గుంపులు గుంపులుగా కూర్చుని, ముట్టుకుంటే కంపు కొట్టే గుండ్రటి చిన్న పురుగులు ఉంటాయి, పచ్చటి గోధుమరంగువి. మెగాకాప్టా జాతికి చెందినవి. ఆడ పురుగు ఆకు మీద గుడ్లను రెండు వరుసలుగా పేర్చి, వాటి అడుగున ముదురు గోధుమరంగు గుళికలు కొన్ని వదిలి వెళ్తుంది. ఆ గుళికల నిండా బ్యాక్టీరియా ఉంటుంది. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల అన్నిటికన్నా ముందు చేసే పని ఆ గుళికలోకి నోరు గుచ్చి తాగడం. గుళికలు తీసేస్తే పిల్లలు స్థిమితంగా ఒకచోట ఉండక అటూ ఇటూ వెతుక్కుంటూ తిరుగుతాయి.

జపాన్‌లో ఈ పురుగుల్లో రెండు దగ్గరి జాతులున్నాయి. ఒకటి ప్రధాన భూభాగంలో సోయా చిక్కుడుకి చీడ. రెండోది దక్షిణాది దీవుల్లో అడవి తీగల మీద ఉంటుంది, సోయా మీద పెడితే దాని గుడ్లు సరిగా పొదగవు. 2007లో శాస్త్రవేత్తలు ఒకదాని గుళికలు రెండోదాని గుడ్ల కిందికి మార్చారు. అంతే, తర్వాతి తరంలో పాత్రలు తారుమారయ్యాయి. చీడ కానిది సోయా మీద చక్కగా పిల్లల్ని కంది, చీడగా పేరున్నదాని గుడ్లు పొదగడం తగ్గిపోయింది. పురుగు జన్యువుల్లో ఏ మార్పూ లేదు. ఒక పురుగు చీడ అవునా కాదా అన్నది దాని లోపలి బ్యాక్టీరియా తేల్చింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయోగం ఇదే.

తెల్లదోమ కథ మనకి ఇంకా దగ్గరిది. వరి కోతకు ముందు మాగాణిలో చల్లిన మినుము, పెసర జనవరికల్లా పూతకొస్తాయి. ఆకుల మీద పచ్చా పసుపూ కలగలిసిన మచ్చలతో పల్లాకు తెగులు కనబడిందంటే, అపరాలు వేసిన రైతు ముఖంలో రంగు పోతుంది. గోగులోనూ ఇలాంటి తెగులే ఉంది. రెండిటినీ మోసేది తెల్లదోమే. వైరస్ మొక్కలోంచి తెల్లదోమ కడుపులోకి, అక్కడి నుంచి దాని రక్తంలోకి, అక్కడి నుంచి లాలాజల గ్రంథుల్లోకి చేరితేనే మరో మొక్కకు అంటుతుంది. ఆ ప్రయాణంలో రక్తం దాటడం కష్టం, వైరస్‌ను పురుగు ఒళ్ళు నాశనం చేస్తుంది. టమాటాకి ఆకుముడత తెచ్చే ఇదే కుటుంబపు వైరస్ మీద ఇజ్రాయెల్‌లో జరిగిన పరిశోధనలో, తెల్లదోమలోని హామిల్టోనెల్లా అనే బ్యాక్టీరియా తయారుచేసే గ్రోఈఎల్ అనే ప్రోటీన్ వైరస్‌ను అంటిపెట్టుకుని కాపాడుతుందని తేలింది. ఆ బ్యాక్టీరియా ఉన్న తెల్లదోమ తెగులును బాగా మోసింది, లేనిది అంతగా మోయలేకపోయింది. మనం తెల్లదోమలన్నిటినీ ఒకటే అనుకుంటాం. చూపుకి ఒకేలా ఉండే చాలా జాతుల సముదాయం అది, లోపల బ్యాక్టీరియా జాబితా కూడా ఒక్కొక్కదానికి ఒక్కోలా ఉంటుంది.

ఈ జాబితా ఎంత వేగంగా మారగలదంటే, అమెరికాలోని అరిజోనా తెల్లదోమల్లో రికెట్సియా అనే బ్యాక్టీరియా 2000 ప్రాంతంలో నూటికి ఒక్కదానిలో ఉండేది. ఆరేళ్ళు తిరిగేసరికి నూటికి 97 దోమల్లో ఉంది. ఆ బ్యాక్టీరియా ఉన్న ఆడ తెల్లదోమ ఎక్కువ పిల్లల్ని పెడుతుంది, వాటిలో బతికి బట్టకట్టేవి ఎక్కువ, పైగా ఆడవే ఎక్కువ. ఆడ పిల్లల ద్వారానే బ్యాక్టీరియా ముందు తరానికి వెళ్తుంది కాబట్టి ఆ లెక్క దానికి లాభమే. 2011లో ఈ సంగతి బయటపెట్టారు. ఒక ప్రాంతపు చీడ స్వభావం ఆరేళ్ళలో మారిపోవచ్చు, అదీ ఎవరి కంటికీ కనబడకుండా.

పేనుబంకలో ఉండే బుక్నెరా బ్యాక్టీరియా ఈ కాపురాల్లో బాగా పాతది, కోట్ల ఏళ్ళనాటిది. అక్కడో విచిత్రం ఉంది. పేనుబంక లాలాజలంతో పాటు బుక్నెరా ప్రోటీన్ కూడా ఆకులోకి చేరుతుంది, మొక్క దాన్ని గుర్తుపట్టి రక్షణ మొదలుపెడుతుంది. ఆ ప్రోటీన్ కూడా గ్రోఈఎల్ కుటుంబానిదే. అంటే తెల్లదోమలో వైరస్‌ను దాచిన ప్రోటీన్ లాంటిదే ఇక్కడ పురుగును పట్టించేస్తోంది. ఒకే సరుకు ఒకచోట మేలు, ఒకచోట కీడు. ఇంకో బ్యాక్టీరియా పేనుబంకలో గుడ్లు పెట్టే పరాన్నజీవి కందిరీగ పిల్లలను లోపలే చంపేస్తుంది. మిత్ర పురుగులు ఒక పొలంలో బాగా పనిచేసి ఇంకో పొలంలో చేయకపోవడానికి ఇదీ ఒక కారణం కాగలదు.

బియ్యం డబ్బాలో ముక్కు పురుగు సంగతి చెప్పకుండా ఉండలేను. దాని గట్టి నల్ల పెంకుకి కావలసిన ముడిసరుకు ఇచ్చేది లోపల ఉండే సోడాలిస్ అనే బ్యాక్టీరియా. పురుగు గింజలోపలే రెక్కలు తొడుక్కుని పెద్దదయ్యాక ఆ బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతుంది, పెంకు గట్టిపడుతుంది. పని అయిపోయాక రెండు వారాల్లో పురుగు తన కడుపులోని ఆ బ్యాక్టీరియాను తానే అరిగించేసుకుంటుంది. గుడ్ల దగ్గర మాత్రం కొంత మిగుల్చుకుంటుంది, పిల్లలకి ఇవ్వాలిగా! బియ్యం, పిండిలో తిరిగే చదునైన ఇంకో చిన్న పురుగులోనూ పెంకు పని బ్యాక్టీరియాదే. కలుపుమందు గ్లైఫోసేట్ ఆ బ్యాక్టీరియాను దెబ్బతీసి పెంకును పలచబరుస్తుందని 2021లో చూపించారు. గ్లైఫోసేట్ అడ్డుకునే రసాయన మార్గం మొక్కల్లో, బ్యాక్టీరియాలో ఉంటుంది కానీ కీటకాల్లో ఉండదు. "పురుగుకి ఏమీ కాదు" అన్న మాట పురుగు వరకు నిజం, దాని లోపలి బ్యాక్టీరియాకి కాదు.

గొంగళి పురుగు దగ్గర కథ మారుతుంది

2018లో కర్ణాటకలో కనబడిన కత్తెర పురుగు తర్వాత దేశమంతా పాకింది, రణస్థలం, లావేరు, చీపురుపల్లి వైపు మొక్కజొన్న వేసేవాళ్ళకి ఇప్పుడు అది పాత శత్రువే. మొవ్వులోకి తొంగిచూస్తే తడిసిన రంపపు పొట్టు లాంటి రెట్ట కూరినట్టు ఉంటుంది, దాని అడుగున పురుగు తలకిందులైన వై ఆకారపు గుర్తుతో పడుకుని ఉంటుంది. చాలా పైరుల మీద పడే ఈ పురుగులో కూడా గట్టి కాపురం ఉంటుందనుకోవడం సహజం. కానీ 2017లో అమెరికా, కోస్టారికాల్లో 124 రకాల గొంగళి పురుగుల కడుపులు పరీక్షించినవాళ్ళకి అక్కడ స్థిరంగా ఉండే సూక్ష్మజీవులు దాదాపు కనబడలేదు. ఉన్నవి కూడా తిన్న ఆకు మీద ఉన్నవే. మందులిచ్చి వాటిని తుడిచేసినా పొగాకు గొంగళి పురుగు ఎదుగుదల మారలేదు. ఆ ఫలితం చాలామంది ఉత్సాహం మీద నీళ్ళు చల్లింది. మంచిదే అంటాను.

అలాగని సత్రంలో దిగినవాళ్ళు ఊరికే ఉంటారని కాదు. మొక్క రక్షణ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే ఇది అర్థమవుతుంది. నమిలే పురుగు కొరికినప్పుడు మొక్క జాస్మోనిక్ ఆమ్లం మార్గంలో స్పందిస్తుంది, పురుగు కడుపులో జీర్ణం కానివ్వని ప్రోటీన్లు తయారుచేస్తుంది. సూక్ష్మజీవి సోకితే సాలిసిలిక్ ఆమ్లం మార్గంలో వెళ్తుంది. ఈ రెండు మార్గాలూ చాలాసార్లు ఒకదాన్నొకటి అణచేస్తాయి. అమెరికాలో బంగాళాదుంపను తినే కొలరాడో పెంకు పురుగు, టమాటా ఆకు కొరికేటప్పుడు నోటి నుంచి తన కడుపులోని బ్యాక్టీరియాను గాయం మీద కక్కుతుంది. మొక్క తెగులు వచ్చిందనుకుని రెండో మార్గంలోకి వెళ్తుంది, పురుగు మీద పోరాటం సన్నగిల్లుతుంది. 2013లో వచ్చిన ఈ పరిశోధనలో, మందిచ్చి బ్యాక్టీరియాను తీసేసిన పురుగుల మీద మొక్క చక్కగా పోరాడింది. ఆ పురుగు మన దేశంలో లేదు, కానీ ఆ ఎత్తు తెలుసుకోదగ్గది.

కత్తెర పురుగు అదే పని రెట్టతో చేస్తుంది. మొక్కజొన్న తయారుచేసే కైటినేజ్ అనే ఎంజైము శిలీంద్రాల మీద పోరాటానికి ఉద్దేశించినది. ఆకు తిన్న పురుగు కడుపులోంచి అది అరగకుండా రెట్టలోకి వస్తుంది. మొవ్వులో ఆ రెట్ట గాయాల మీద పడుతూనే ఉంటుంది కదా, మొక్క తన ఎంజైమునే చూసి తెగులు సోకిందనుకుంటుంది, పురుగు మీద రక్షణ తగ్గించేస్తుంది. ఇక్కడ సూక్ష్మజీవి అసలు రంగంలో లేదు, ఉన్నట్టు మొక్కకి అనిపిస్తే చాలు, పురుగు పని నెరవేరుతుంది.

ఇదే పురుగు మీద 2019లో వచ్చిన ఫలితం అటు నుంచి ఇటు తిప్పుతుంది. పురుగును తట్టుకునే కొన్ని మొక్కజొన్న రకాలు ఒక ఎంజైముతో గొంగళి పురుగు కడుపు లోపలి పొరకు చిల్లులు పెడతాయి. ఆ చిల్లుల్లోంచి అంతవరకు అపకారం లేకుండా కడుపులో ఉన్న బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడుతుంది, పురుగు దెబ్బతింటుంది. బ్యాక్టీరియా లేకుండా పెంచిన పురుగులకు అదే ఆకు అంత హాని చేయలేదు. అంటే ఆ రకం బలంలో కొంత భాగం పురుగు కడుపులోని అతిథులదే. అదే బ్యాక్టీరియా మొక్క బలహీనమైనదైతే పురుగు పక్షం, బలమైనదైతే మొక్క పక్షం. బ్యాక్టీరియాకి పక్షాలు లేవు, ఎవరు దారి తెరిస్తే అటు వెళ్తుంది.

విషాలు విరవడంలోనూ ఈ అతిథులకి వాటా ఉంది. కాఫీ గింజలో కెఫీన్ ఉన్నదే పురుగులను దూరం పెట్టడానికి. అయినా కాయ తొలిచే పురుగు ఆ గింజలోనే కాపురం చేస్తుంది. దాని కడుపులోని సూడోమోనాస్ బ్యాక్టీరియా కెఫీన్‌ను విరగ్గొడుతుందని 2015లో తేల్చారు. మనకి పొరుగునే ఉన్న అరకు తోటల కాపులకి ఇది ఊరికే చదివి వదిలేసే విషయం కాదు.

మట్టిలోంచి మందు విరుగుడు

కంది, బొబ్బర్ల కాయల మీద పొడవాటి సన్నటి గోధుమరంగు పురుగు ఒకటి వాలుతుంది, కాయలోకి నోరు గుచ్చి లోపలి గింజ రసం పీలుస్తుంది. దాని పిల్లలు అచ్చం నల్ల చీమల్లా ఉంటాయి, చాలామంది చీమలనుకునే వదిలేస్తారు. రిప్టోర్టస్ అంటారు శాస్త్రంలో. ఇది మిగతా రసం పీల్చే పురుగుల్లా తల్లి నుంచి బ్యాక్టీరియా తీసుకోదు. ప్రతి తరంలోనూ పిల్ల పురుగే మట్టిలోంచి వెతుక్కుని తెచ్చుకుంటుంది. వేల రకాల బ్యాక్టీరియా ఉన్న మట్టిలోంచి తనకు కావలసిన ఒక్క కుటుంబాన్నే లోపలికి రానిస్తుంది.

ఇక్కడ మెలిక ఉంది. ఫెనిట్రోథియాన్ అనే పురుగుమందు పదే పదే పడ్డ నేలలో, ఆ మందునే ఆహారంగా తినే బ్యాక్టీరియా పెరుగుతుంది. వాటిలో కొన్ని ఈ పురుగుకి కావలసిన కుటుంబానివే. పిల్ల పురుగు వాటిని లోపలికి తీసుకుందంటే ఆ మందు దాని మీద పనిచేయదు. 2012లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని రుజువు చేశారు. మందు తట్టుకునే శక్తి పురుగు జన్యువుల్లో తరతరాల ఎంపికతో వస్తుందని మనం చదువుకున్నాం. ఇక్కడ ఒక్క తరంలో, జన్యువు మారకుండా, నేలలోంచి వచ్చేసింది. మందు పురుగు మీద కొడుతున్నామనుకుంటాం, అందులో చాలా భాగం పడేది నేల మీద. అక్కడ దాని ప్రభావం ఏమిటని ఎవరూ అడగరు.

ఇన్ని చెప్పాక సహజంగా వచ్చే ప్రశ్న, లోపలి సూక్ష్మజీవిని చంపేస్తే పురుగు చస్తుంది కదా అని. ల్యాబులో నిజమే. పొలంలో యాంటీబయాటిక్ కొట్టడం మాత్రం బుద్ధి తక్కువ పని. మొదటిది, వరి దోమలో ముఖ్యమైన కాపురం శిలీంద్రానిది, బ్యాక్టీరియా మందు దానికి తగలదు. రెండోది, కణాల లోపల ఉన్నదానికి ఆకు మీద చల్లిన మందు చేరదు. మూడోది అన్నిటికన్నా పెద్దది, నేలలో బ్యాక్టీరియా ఆ మందులకి అలవాటుపడితే రేపు ఆసుపత్రిలో మన పిల్లలకి అవే మందులు పనిచేయవు. పురుగు కడుపులోని బ్యాక్టీరియాను దెబ్బతీసే ప్రత్యేక జీవ ద్రావణమంటూ ఎవరైనా సీసా అమ్మజూపితే, ఏ పురుగు, ఏ సూక్ష్మజీవి, ఎక్కడ పరీక్షించారు అని మూడు ప్రశ్నలు అడగండి. సమాధానం లేకపోతే ఆ సీసాని వాళ్ళ దగ్గరే ఉంచండి. అనుమానముంటే రాగోలు పరిశోధనా స్థానంలోనో నైర వ్యవసాయ కళాశాలలోనో అడగవచ్చు.

నిజంగా ఆశ పెట్టుకోదగ్గది ఒకటుంది. వోల్బాకియా అనే బ్యాక్టీరియాను 2020లో చైనాలో పైరు మీద బతికే ఇంకో చిన్న జాతి దోమ నుంచి తీసి మన వరి దోమ గుడ్లలోకి ఎక్కించారు. అది తరతరాలకీ నిలబడింది. ఆకులు చిరుగులు పట్టి పైరు గిడసబారే వైరస్ తెగులును ఆ దోమలు మోయడం తగ్గింది. ఆ బ్యాక్టీరియా ఉన్న మగ దోమ, అది లేని ఆడ దోమతో కలిస్తే గుడ్లు పొదగవు, కాబట్టి అది దోమల్లో దానంతటదే వ్యాపించగలదు. డెంగీ దోమ మీద ఇదే బ్యాక్టీరియా కొన్ని దేశాల్లో వాడుకలోకి వచ్చింది, వరి దోమ మీద ఇంకా ల్యాబు దశే. అయితే ఇది తెగులును ఆపేది, సుడులను కాదు. రసం పీల్చడం ఆ దోమ మానదు.

సుడులకి ఇప్పటికి ఉన్న ఉపాయాలు పాతవే, అవి కూడా ఈ లోపలి కాపురాన్ని తాకకుండానే పనిచేస్తాయి. ఉభాల నాడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట తూర్పు పడమరలుగా వదిలితే దుబ్బు మొదట్లోకి గాలీ వెలుతురూ వెళ్తాయి, దోమకు నచ్చిన తేమ తగ్గుతుంది, మందు కొట్టాల్సి వచ్చినా మొదట్లోకి అందుతుంది. యూరియాను ఒకేసారి గుమ్మరించకుండా మూడు దఫాలుగా, ఆఖరి దఫా అంకురం దశకి ముగించాలి. ఆకు మీద ఏదో పురుగు కనబడగానే సింథటిక్ పైరిత్రాయిడ్ కొడితే దోమను తినే సాలెపురుగులూ మిరిడ్ నల్లులూ ముందు పోతాయి, మూడు వారాలకి దోమ రెట్టింపై వస్తుంది. కాలిబాటకి నేల పోతుందని వెనకాడేవాళ్ళు మన దగ్గర ఇంకా ఎక్కువే. కాలిబాట పక్క వరుసలు ఎక్కువ పిలకలు తొడిగి ఆ నష్టాన్ని చాలా వరకు పూడుస్తాయి, నమ్మకం లేకపోతే ఒక మడిలో వదిలి, పక్క మడిలో వదలకుండా కోతకు పిలకలు లెక్కపెట్టి చూసుకోవచ్చు.